క్రీడానియమములందు శక్తి నైపుణ్య విచారము

సామర్థ్యము పుట్టుకచే వచ్చునదా, పరిశ్రమచే వచ్చునదా యను ప్రశ్నకుఁ గ్రీడానియమములు కాలక్రమమున భిన్నోత్తరముల నొసఁగినవి.

రామగుండము, బసంత్‌నగరము గల గోదావరీతీరసీమ మొదలుగాఁ దెలంగాణమునఁ బ్రసిద్ధమైన పులిజూదమును మొదట విచారింపవలయును. ఇందు 23 స్థానములు, 3 పులులు, 15 మేఁకలు. పులి మేఁకపై దుమికి దాని నపహరించును. మేఁక కాశక్తి లేదు. పులులను గదలకుండఁ గట్టుటయే దాని జయము. ఇచట శక్తి జాతిధర్మము, వ్యక్తిధర్మము గాదు. ఎన్నిమాఱు లాడినను నైపుణ్యము పెరుఁగునది యాటగానియందే కాని కాయయందుఁ గాదు.

వ్యక్తిశక్తినిగూర్చిన వివాదము మన యలంకారశాస్త్రమునఁ బ్రాచీనము. ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసము మూఁడును గలసి కావ్యమున కొకే హేతువని మమ్మటుని మతము. కావుననే హేతుశబ్దము నాతఁ డేకవచనమునఁ బ్రయోగించెను. ప్రతిభ యొక్కటియే హేతువని యాంధ్రుఁడైన జగన్నాథపండితరాయల మతము. ఐనను ఆ ప్రతిభకు నొకచో నదృష్టమును, వేఱొకచో వ్యుత్పత్త్యభ్యాసములును గారణములని యాతఁడే యంగీకరించెను.

ఈ పక్షములు మూఁడును పాశ్చాత్యుల పాత్రధారణక్రీడలందుఁ గానవచ్చుచున్నవి. ఇందు నాటగాఁ డొక కల్పితపురుషుని పాత్రము వహించి, యాతని కార్యములను నోటఁ జెప్పుచు నాడును. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడలో బలము, బుద్ధి, వివేకము, లాఘవము, దేహదార్ఢ్యము, ఆకర్షణము అను 6 గుణములకు మూఁడేసి పాచికలు వేసి, 3 మొదలు 18 వఱకు సంఖ్యలను నిర్ణయింతురు. పాత్రము అనుభవముచేఁ బైమెట్ల కెక్కినను ఈ సంఖ్యలు సాధారణముగా మాఱవు. ఇది ప్రతిభాపక్షము, పాచికయే యదృష్టము.

1977 నాటి ‘ట్రావెలర్’ అను క్రీడ వ్యుత్పత్తికిఁ బ్రాధాన్య మిచ్చెను. పాత్రము కథారంభమునకు మున్నే నౌకాదళాదులందుఁ గొలువు సేసి విద్యల నార్జించును. ఆ కొలువునందే మరణించుటయుఁ గలదు. 1978 నాటి ‘రూన్‌క్వెస్ట్’ అభ్యాసపక్షమును గైకొనెను. అందుఁ బ్రయోగించి ఫలము గాంచిన విద్యయే వృద్ధికి నర్హము. నేర్పు హెచ్చినకొలఁది వృద్ధి కవకాశము తఱుఁగును. శాస్త్రమభ్యసించిన వారికి నీనియమము స్వానుభవసిద్ధము.

2000లో వెలువడిన ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ తృతీయసంస్కరణమున నిరువదిముఖముల పాచిక చూపిన యంకెకు సహజగుణాంశమును, నేర్చిన విద్యాంశమును గూర్తురు. ఆ మొత్తము నిర్ణీతసంఖ్యను ముట్టినచోఁ గార్యసిద్ధి. మమ్మటుని యేకవచన మిచట గణితరూపము దాల్చినదని చెప్పనొప్పును.

విద్యాశాలలందు బాలుర యోగ్యతను నిర్ణయించువారి కీవిచారము కేవలవినోదము గాదు. తొలినాఁటి పరీక్షతోనే యొక బాలుని మందబుద్ధియని త్రోసివేయుట పులిజూదపు నియమమును మనుష్యులకుఁ బట్టించుట యగును. అభ్యాసమునకుఁ జోటొసఁగిన పిమ్మటఁ గాని యెవని శక్తి యెంతయో తేలదు.