మార్పుల గ్రంథము - కాడల లెక్క

చీనా దేశపు ప్రాచీన గ్రంథములలో 'యీ జింగ్' ఒకటి. 'మార్పుల గ్రంథము' అని ఆ పేరునకు అర్థము. యుద్ధమునకు బయలుదేరవచ్చునా, పెండ్లి సంబంధము కలుపుకొనవచ్చునా, ఏరు దాటవచ్చునా అని సందేహము కలిగినవారు ఈ గ్రంథమును ఆశ్రయించెడివారు. ఇందలి మూలభాగము చౌ వంశపు రాజుల కాలమున, క్రీస్తునకు పూర్వము ఎనిమిది తొమ్మిది శతాబ్దుల నాడు, రూపొందినదని పండితులు తలచుచున్నారు. ఈ జోస్యము ఫలించునా లేదా అను వాదములోనికి మనము దిగబోము. జోస్యుని చేతిలో నడచిన లెక్క ఏమి, ఆ లెక్కలో తరువాతివారు చూచినది ఏమి అనునంతవరకే మన ప్రసంగము.

గ్రంథమునకు ఆధారము రెండే గీతలు. తెగని గీత యాంగ్. నడుమ తెగిన గీత యిన్. ఇవి మూడేసి చొప్పున ఒకదానిపై నొకటి పేర్చినచో ఎనిమిది ఆకృతులు ఏర్పడును. గురులఘువులను మూడేసి కూర్చగా మగణము మొదలు నగణము వరకు ఎనిమిది గణములు వచ్చుట ఛందస్సు చదివినవారందరు ఎరిగినదే, ఇదియు అట్టిదే. ఆరేసి గీతలు పేర్చినచో 64 ఆకృతులగును. ఒక్కొక్కదానికి ఒక పేరు, ఒక ఫలవాక్యము, గీతగీతకు మరియొక వాక్యము కలవు. ప్రశ్న అడిగినవానికి ఈ 64లో ఏది దక్కునో తేల్చుటయే జోస్యుని పని.

ఆ తేల్చు విధము వినదగినది. జోస్యుడు ఒక జాతి మొక్కయొక్క ఎండు కాడలను 50 తీసికొనును. అందొకటి పక్కన పెట్టి మరల ముట్టడు. మిగిలిన 49 కాడలను ఎంచకుండ రెండు కుప్పలుగా విడదీయును. కుడి కుప్పనుండి ఒక కాడ తీసి వ్రేళ్ల సందున నిలుపుకొనును. ఎడమ కుప్పనుండి నాలుగేసి చొప్పున తీసివేయగా తుదకు ఒకటియో, రెండో, మూడో, నాలుగో మిగులును. కుడి కుప్పను గూర్చియు ఇదే తంతు. ఈ మిగిలినవానిని వ్రేళ్ల సందుననున్న దానితో కలిపినచో 5 గాని 9 గాని అగును. వేరొక సంఖ్య రానేరదు. వీనిని తొలగించి, ఉన్న కాడలతో మరి రెండు విడతలు ఇట్లే చేయవలెను. ఆ విడతలలో తొలగునవి 4 గాని 8 గాని. మూడు విడతలు ముగియునప్పటికి చేత నిలిచినవి 36, 32, 28, 24 - ఈ నాలుగింటిలో ఏదో యొకటి. నాలుగుచే భాగించిన 9, 8, 7, 6. అప్పటికి ఒక్క గీత తేలినది! ఆరు గీతలకు పదునెనిమిది విడతలు కావలెను.

బేసి సంఖ్యలైన 9, 7 యాంగ్ గీతలు. సరి సంఖ్యలైన 8, 6 యిన్ గీతలు. వీనిలో 9యు 6యు ముదిరిన గీతలు. ముదిరినది తన విరుద్ధముగా మారును. కావున వచ్చిన ఆకృతి మరియొక ఆకృతిగా మారవచ్చును. గ్రంథము పేరు సార్థకమగుట ఇక్కడనే. 64 ఆకృతులలో ప్రతిదియు 64లో దేనిగానైనను మారవచ్చును, లేదా మారక నిలువవచ్చును గనుక మొత్తము ఫలితములు 4096.

ఇప్పుడు కాడలను విడిచి సంభావ్యత సంగతి చూతము. మొదటి విడతలో నాలుగు మార్లకు మూడుమార్లు 5, ఒక్కమారు 9 తొలగును. తరువాతి విడతలలో 4కును 8కిని సమానావకాశము. వీనిని గుణించి చూచినచో 16 మార్లలో 9 వచ్చునది 3 మార్లు, 7 వచ్చునది 5 మార్లు, 8 వచ్చునది 7 మార్లు, 6 వచ్చునది ఒకే ఒక్క మారు. యిన్, యాంగ్ మొత్తము మీద చెరిసగమే. కాని యాంగ్ గీత మారుటకు గల అవకాశము యిన్ గీతకున్న దానికి మూడింతలు. కాడలకు బదులు మూడు నాణెములు ఎగురవేయు సులభోపాయము తరువాత వాడుకలోనికి వచ్చినది. అందు 6కును 9కిని ఎనిమిదింట ఒక్కొక్క అవకాశము. పని త్వరగా ముగిసినది గాని లెక్క మారిపోయినది. నాణెములతో చూచువాడును కాడలతో చూచువాడును ఒకే గ్రంథమును విప్పుచున్నను, ఒకే రీతి ప్రశ్న అడుగుటలేదన్నమాట. ఐరోపాలో పాస్కల్, ఫెర్మా అను గణితజ్ఞులు 1654లో ఉత్తరములు వ్రాసికొని సంభావ్యతాశాస్త్రమునకు పునాది వేసిరి. అంతకు ఎన్నో శతాబ్దుల ముందునుండి ఈ కాడలు ఆ నిష్పత్తిని తప్పక పాటించుచుండెను.

కాడల విధానమును తెలుపు ప్రాచీన వాక్యములు మిక్కిలి క్లుప్తములు. నేడు వాడుకలోనున్న రూపమును కుదిర్చినవాడు జూ షీ (1130-1200) అను దార్శనికుడు. అయినను ఈ విద్యకు సంఖ్యయే మూలమనుటకు గట్టి సాక్ష్యము కలదు. పురాతనమైన ఎముకల మీదను కంచు పాత్రల మీదను అర్థము తెలియని గుర్తులు కొన్ని ఉండెడివి. అవి అంకెల వరుసలనియు, గీతలకు బదులు అంకెలతో వ్రాసిన ఆకృతులేననియు 1978లో జాంగ్ జెంగ్లాంగ్ అను చీనా పండితుడు వివరించెను.

ఈ కాడల లెక్క ఒక మహాగణితజ్ఞుని కూడ ఆకర్షించినది. చిన్ జ్యూషావ్ 1247లో రచించిన తొమ్మిది అధ్యాయముల గణితగ్రంథమున మొట్టమొదటి ప్రశ్న ఈ కాడలను గూర్చినదే. ఒక సంఖ్యను వేర్వేరు సంఖ్యలచే భాగించగా వచ్చిన శేషములు తెలిసినచో ఆ సంఖ్యను కనుగొనుట ఎట్లు? దీనికి ఆయన సర్వసామాన్యమైన పద్ధతిని చెప్పెను. మన ఆర్యభటుడు క్రీ.శ. 499లో చెప్పిన కుట్టకము కూడ ఈ జాతి ప్రశ్నలను సాధించునదే. 1, 2, 3, 4 సంఖ్యల గుణకారము 24. దానిని వరుసగా ఆ నాలుగింటిచే భాగించిన 24, 12, 8, 6. వీనిని కూడిన 50. జోస్యుని కాడల సంఖ్య ఇట్లు వచ్చినదని ఆయన చూపెను. ఈ వ్యుత్పత్తి చమత్కారమే గాని చరిత్ర కాదని మా అభిప్రాయము. కాని ఆ చమత్కారపు నీడలో దాగిన శేషగణితము మాత్రము నిక్కమైన బంగారము.

64 ఆకృతుల వరుసను గూర్చియు చాల ఊహలు బయలుదేరినవి. వాడుకలోనున్న వరుసను వెన్ రాజు కూర్చెనని ఐతిహ్యము. అందు ఆకృతులు జంటలుగా నడచును: ఒకదానిని తలక్రిందులు చేసినచో రెండవది వచ్చును. తలక్రిందులైనను మారనివి ఎనిమిది. వానిని గీతకు గీత మార్చి జంటపరచిరి. ఇంతవరకు నియమము స్పష్టము. జంటల నడుమ గల క్రమమునకు ఎల్లరును ఒప్పుకొనిన సూత్రము లేదు. పైగా 1973లో మావాంగ్‌దుయి అను చోట, క్రీ.పూ. 168లో మూసివేసిన సమాధినుండి, పట్టుగుడ్డపై వ్రాసిన ప్రతి బయటపడినది. అందలి వరుస పూర్తిగ వేరు!

పదునొకండవ శతాబ్దిలో షావ్ యుంగ్ అను తత్త్వవేత్త మూడవ వరుసను కల్పించెను. ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీల్చుచు పోయి ఆరవమెట్టున 64 ఆకృతులను నిలిపెను. లోకము పుట్టి గిట్టుటకు 1,29,600 సంవత్సరములని లెక్కకట్టినవాడును ఈయనయే. ఈయన వరుసను ఆదిపురుషుడైన ఫూ షీకి అంటగట్టి చీనాలో గౌరవించిరి.

ఈ పటమే ఐరోపా చేరి గొప్ప కలకలమునకు కారణమయ్యెను. జర్మన్ తత్త్వవేత్త లైబ్నిట్జ్ 1679 నాటికే సున్న, ఒకటి అను రెండే అంకెలతో సకల సంఖ్యలను వ్రాయు పద్ధతిని రచించియుండెను. 1701లో దానిని పెకింగునందు కాంగ్ షీ చక్రవర్తి కొలువులోనున్న బువే అను ఫ్రెంచి మతాచార్యునికి వ్రాసి పంపెను. బువే షావ్ యుంగ్ పటమును జతపరచి బదులు వ్రాసెను. ఆ జాబు అందినది 1703 ఏప్రిల్ 1న. తెగిన గీత సున్న, తెగని గీత ఒకటి యని చదివినచో పటమున 0 మొదలు 63 వరకు సంఖ్యలు వరుస తప్పక నిలిచినవి! లైబ్నిట్జ్ ఆనందమునకు మేర లేదు. కొలదిదినములలోనే వ్యాసము సిద్ధపరచి పారిసు విద్వత్పరిషత్తునకు పంపెను. నాలుగువేల ఏండ్లనాడు ఫూ షీ కనుగొని, చీనావారు మరచిన అంకగణితమును తాను మరల వెలికితీసితినని ఆయన నమ్మిక.

ఆ వరుస ఫూ షీది కాదు, షావ్ యుంగ్‌ది. షావ్ యుంగ్ కూడ ఆకృతులతో కూడికలు, తీసివేతలు చేసినవాడు కాడు. రెండేసిగా చీల్చినచో ఈ క్రమము తనంత తానే ఏర్పడును. మన ఛందశ్శాస్త్రమందలి ప్రస్తారము కూడ గురులఘువుల చీలికయే. కాని అచట మరి రెండు ప్రక్రియలు కలవు. వరుససంఖ్య చెప్పినచో దానిని సగము చేయుచు పోయి వృత్తస్వరూపమును రాబట్టుట నష్టము. స్వరూపము చూపినచో సంఖ్యను పట్టుట ఉద్దిష్టము. సంఖ్యకును ఆకృతికిని నడుమ రాకపోకల బాట వేసినందున దానిని గణితమనుటకు సందేహింపము. అంతమాత్రమున పింగళుడు గణనయంత్రమును ఊహించెనని చాటుట లైబ్నిట్జ్ పడిన పొరపాటును మరల పడుటయే. జీవకణములలోని జన్యుసంకేతములు కూడ 64 అని 1960-70 దశాబ్దిలో తేలినప్పుడు, ఈ గ్రంథమున అదియు ఉన్నదని వ్రాసినవారు లేకపోలేదు. అక్కడ నాలుగు మూడుమార్లు గుణితము, ఇక్కడ రెండు ఆరుమార్లు. లబ్ధము ఒకటగుటలో వింత లేదు.

బువే పంపిన పటము హానోవరు గ్రంథాలయమున భద్రముగ నిలిచినది. చీనా ముద్రణలోని 64 ఆకృతుల పక్కను లైబ్నిట్జ్ స్వహస్తముతో వ్రాసిన అంకెలు దాని మీద కానవచ్చుచున్నవి.