ఎదురు నడిచిన మీటరు

ఒకప్పుడు ఇంటి మీటరు వెనక్కి తిరుగుతోందని లైన్‌మన్ కంటపడితే దొంగ కరెంటు కేసు ఖాయం. ఇప్పుడు శంషాబాద్ చుట్టుపక్కల డాబాల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకున్నవాళ్లు పగలంతా కరెంటును లైన్లోకి ఎదురు పంపుతున్నారు. పైగా ఆ ప్యానెళ్లకు సర్కారే సబ్సిడీ ఇస్తోంది.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం జమానాలో 1920లో థర్మల్ కేంద్రం మొదలైంది. అది మొదలు ఎనభై, తొంభై ఏళ్లపాటు కరెంటుది ఒకటే దారి. కేంద్రంలో పుట్టి, తీగల వెంట వచ్చి, ఇంట్లో ఖర్చయ్యేది. మీటరు పనల్లా వచ్చినదాన్ని లెక్కపెట్టడమే.

పాత చక్రం మీటరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. గాజు తలుపు వెనక పల్చటి అల్యూమినియం చక్రం, అంచున ఒక రంగు గుర్తు. గ్రైండర్ వేస్తే జోరందుకునేది, అన్నీ ఆపేస్తే నిలబడిపోయేది. కరెంటు ఎదురు దిశలో పోతే ఆ చక్రం కూడా ఎదురు తిరిగి, ఎక్కిన అంకెల్ని దించేది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో స్టీవెన్ స్ట్రాంగ్ అనే ఆర్కిటెక్ట్ 1979 ప్రాంతంలో ప్యానెళ్లు బిగించిన భవనాల్ని గ్రిడ్‌కు కలిపినప్పుడు జరిగింది ఇదే. వాడుకున్నదాంట్లోంచి లైనుకు ఇచ్చినదాన్ని తీసేసి బిల్లు వేసే నెట్ మీటరింగ్ పద్ధతికి బీజం అక్కడే పడింది. 1983లో మిన్నెసోటా రాష్ట్రం దానికి చట్టం కూడా చేసింది.

మన దగ్గర మాత్రం ఆ గుణాన్ని ముందుగా వాడుకున్నది బిల్లు ఎగ్గొట్టేవాళ్లు. వైర్లు తారుమారు చేస్తే చాలు, అంకెలు దిగిపోయేవి. అందుకే ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చేసరికి తయారీలోనే ఆ దారి మూసేశారు. కరెంటు ఎటు పోయినా యూనిట్లు పెరగాల్సిందే. అది కరెంటు ఛార్జీల మీద జనం మండిపడుతున్న కాలం కూడా. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపు మీద ఆందోళన చేస్తున్నవారిపై హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద మీటరును తారుమారు చేయడం జైలుకు పంపే నేరం.

డాబాల మీదికి సోలార్ వచ్చాక ఈ కట్టుదిట్టమే అడ్డం తిరిగింది. అలాంటి మీటరున్న ఇంట్లో ప్యానెళ్లు బిగిస్తే, లైనుకు ఇచ్చిన యూనిట్లు కూడా వాడుకున్నట్టే బిల్లులోకి ఎక్కుతాయి. ఇచ్చినవాడే డబ్బు కట్టాలి! అందుకే రాకను, పోకను విడివిడిగా రాసుకునే రెండు దారుల మీటరు తప్పనిసరైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే నెట్ మీటరింగ్‌కు మార్గదర్శకాలు వచ్చాయి. తెలంగాణ 2015లో సొంత సోలార్ విధానం ప్రకటించింది. మరుసటి ఏడు విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనలు తెచ్చింది.

సరిగ్గా ఆ 2016లోనే శంషాబాద్ విమానాశ్రయం 5 మెగావాట్ల సోలార్ ప్లాంటు ప్రారంభించింది. 2021లో మరో 5 మెగావాట్లు కలిపింది. అయితే విమానాశ్రయం లెక్క వేరు, ఇంటి లెక్క వేరు. టెర్మినల్ ఏసీలు, లైట్లు, సామాను బెల్టులు పగలంతా ఆగవు కాబట్టి ప్యానెళ్లు ఇచ్చిందంతా అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. ఇల్లు అలా కాదు. మిట్టమధ్యాహ్నం పిల్లలు బడిలో, పెద్దలు ఆఫీసులో ఉంటారు. వాడకం మొదలయ్యేది పొద్దు గూకాకే. అప్పటిదాకా ప్యానెళ్లు ఇచ్చింది చాలావరకు లైన్లోకే పోతుంది కాబట్టి, మీటరు సంగతి నిజంగా తేలాల్సింది ఇళ్ల దగ్గరే.

ఈ ప్రాంతానికి సోలార్‌తో ఇంకో చుట్టరికం ఉంది. విమానాశ్రయానికి దగ్గర్లోనే రావిర్యాల. కంప్యూటర్ చిప్పుల తయారీ కోసమని 2006లో అక్కడ ఫ్యాబ్ సిటీ తలపెట్టారు. అనుకున్న చిప్పులు రాలేదు, వాటి బదులు సోలార్ కంపెనీలు వచ్చాయి. ప్రీమియర్ ఎనర్జీస్ ఇప్పుడు అక్కడ సెల్స్, ప్యానెళ్లు రెండూ తయారు చేస్తోంది.

ప్యానెళ్లు కొత్తగా పెట్టించుకున్నవాళ్లను తికమక పెట్టేది కరెంటు కోత. మండుటెండలో, ప్యానెళ్లు మిలమిల మెరుస్తున్నా, లైన్లో కరెంటు పోతే ఇంట్లో ఫ్యాను కూడా ఆగుతుంది. బాగుచేయడానికి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు ఏ డాబా మీది నుంచో వచ్చే కరెంటు తగలకూడదని, గ్రిడ్‌తో కలిసిన ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. కోతలోనూ కరెంటు కావాలంటే మామూలుగా బ్యాటరీ ఏర్పాటు ఉండాలి. ఈ ముక్క అమ్మేవాళ్లు ముందే విడమరిచి చెప్పాలి.

లాభం ఎవరికంటే, ఎక్కువ వాడేవాళ్లకే. హైదరాబాద్ ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లిస్తాయి. 2022 నుంచి నెలకు 800 యూనిట్లు దాటిన ఇంట్లో ఆ పైన ప్రతి యూనిట్‌కూ రూ.10. అక్కడ తగ్గిన ప్రతి యూనిట్ పది రూపాయల మిగులే. వాడకం పోగా మిగిలి లైనుకు పోయినదానికి మాత్రం విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) తాను సగటున కొనే ధరే కడుతుంది.

2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చి, 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ ప్రకటించింది. అదే నెలలో రాష్ట్రం గృహజ్యోతిని ప్రారంభించింది. తెల్లకార్డు ఉండి నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి సున్నా బిల్లు. అలా శంషాబాద్ చుట్టుపక్కల ఎక్కువ కరెంటు వాడే ఫామ్‌హౌస్ యజమానికి రెండు దారుల మీటరుతో పని పడింది. పక్క వీధిలో సున్నా బిల్లు అందుకునే కుటుంబానికి మాత్రం పాత మీటరే చాలు, సబ్సిడీ పోను మిగతా సొమ్ము చేతి నుంచి పెట్టి ప్యానెళ్లు కొనే అగత్యం దానికి లేదు.