నెల్లూరు తీరంలో పడవ విహారం

నెల్లూరు తీరంలో పడవ విహారం అనగా ఆంధ్ర ప్రదేశ్ దక్షిణ కోస్తాలోని పులికాట్ సరస్సు, బకింగ్‌హాం కాలువ, బంగాళాఖాతము అను మూడు జలాలతో ముడిపడిన వినోద ప్రయాణం. ఈ మూడూ ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నప్పటికీ లోతులోనూ, అలల తీవ్రతలోనూ, అనుకూలమైన కాలంలోనూ వేరువేరు. ఒక నీటికి సరిపోయిన పడవ మరొక నీటికి సరిపోదు. అందువలన విహారానికి వెళ్ళేవారు టిక్కెట్టు ధర కంటే ముందు నీటి స్వభావాన్ని, ఋతువును, ఆ రెండింటికీ తగిన పడవను చూచుకోవలసి ఉంటుంది.

భౌగోళిక నేపథ్యం

2022కు పూర్వం నెల్లూరు జిల్లాకు సుమారు 169 కి.మీ. సముద్ర తీరం ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సూళ్లూరుపేట, తడ మండలాలు తిరుపతి జిల్లాలో చేరాయి. ఈ వ్యాసంలో పూర్వపు జిల్లా తీరమంతటినీ నెల్లూరు తీరంగా వ్యవహరించడమైనది.

ఈ తీరం చాలావరకు తిన్నగా, ఇసుకతో నిండి ఉంటుంది. అలలు ఒడ్డుకు సమీపంలోనే విరుగుతాయి. మైపాడు వంటి చోట్ల మత్స్యకారులు ఇసుక ఒడ్డు నుండే పడవలను సముద్రంలోకి దించుతారు. కృష్ణపట్నం ప్రధానంగా సరుకుల రేవు. పెద్ద విహార నౌక ఎక్కదలచిన నెల్లూరు వాసులకు దగ్గరి రేవు చెన్నై.

పులికాట్ సరస్సు

చిలికా తరువాత భారతదేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దీనిలో అధికభాగం ఆంధ్ర ప్రదేశ్‌లోనూ, మిగిలినది తమిళనాడులోనూ ఉన్నది. సరస్సుకు, సముద్రానికి మధ్య శ్రీహరికోట దీవి కలదు. కాళంగి, ఆరణి నదులు ఇందులో కలుస్తాయి. సరాసరి లోతు ఒక మీటరు మాత్రమే. ఈశాన్య ఋతుపవనాల వలన అక్టోబరు నుండి డిసెంబరు వరకు నీరు నిండుతుంది. వేసవిలో ఉత్తర భాగం చాలావరకు ఎండిపోతుంది.

తడ సమీపంలోని భీమునివారిపాలెం పడవ విహారానికి పేరు పొందినది. ఇరకం దీవికి ఇక్కడి నుండే పడవలో వెళతారు. లోతు తక్కువ కాబట్టి ఈ సరస్సులో అడుగు చదునుగా ఉన్న పడవలే అనువైనవి. బరువైన పడవలు బురదలో కూరుకుపోతాయి. సముద్రపు మొగల వద్ద మాత్రం పోటు, పాటు సమయాలలో నీరు వేగంగా ప్రవహిస్తుంది. సరస్సు లోతు తక్కువనే ధీమా అక్కడ పనికిరాదు.

ఫ్లెమింగోలను, గూడబాతులను చూడదలచినవారికి డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచి కాలం. నేలపట్టు పక్షుల కేంద్రంలో గట్టుమీది నుండే గూడబాతులను చూడవచ్చు, పడవ అవసరం లేదు. మరబోటు చప్పుడుకు పక్షులు బెదురుతాయి కనుక పక్షుల కోసం వచ్చేవారు దూరం నుండి చూడడమే మేలు.

బకింగ్‌హాం కాలువ

1806లో బాసిల్ కాక్రేన్ మద్రాసు నుండి ఎన్నూరు వరకు తవ్వించిన కాలువతో దీని చరిత్ర మొదలయింది. తరువాత దీనిని ఉత్తరాన నెల్లూరు తీరం మీదుగా కృష్ణా డెల్టా కాలువలతో కలిపారు. 1876-78 నాటి గొప్ప కరువులో పనికి ఆహారంగా మద్రాసు నగరంలోని భాగాన్ని తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే కాలువకు స్థిరపడింది.

ఒకప్పుడు బియ్యం, ఉప్పు, వంటచెరకు ఈ కాలువ మీదుగానే మద్రాసుకు చేరేవి. పడవలను తెరచాపలతో నడిపేవారు, లేదా గట్టున నడిచే మనుషులు తాళ్ళతో లాగేవారు. రైలు, రోడ్డు మార్గాలు వచ్చాక రాకపోకలు తగ్గాయి. 1960లలోనూ, 1976లోనూ వచ్చిన తుఫానులు కాలువను బాగా దెబ్బతీశాయి. 2008లో దీనిని 4వ జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు. అయినా పూడిక వలన పలుచోట్ల పడవ సాగదు. విహార ప్రణాళికలో ఈ కాలువను గట్టు వెంబడి చూడదగిన చారిత్రక స్థలంగా ఎంచుకోవడం సమంజసం.

సముద్ర విహార నౌకలు

2022 జూన్‌లో చెన్నై నుండి విశాఖపట్నం, పుదుచ్చేరి మీదుగా ఒక ప్రైవేటు సంస్థ విహార నౌకను ప్రారంభించింది. 2023 జూన్‌లో చెన్నై నుండి శ్రీలంకకు కూడా నౌక బయలుదేరింది. 2023 సెప్టెంబరు 4న విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమయింది. ఈ నౌకలు ఏడాది పొడవునా నడవవు కనుక ఆ సంవత్సరపు ప్రయాణ పట్టికను ముందుగా తెలుసుకోవాలి.

నౌకను ఎంచుకొనేటపుడు గమనించదగిన అంశాలు:

* మార్గం: ఊళ్ళు చూడదలచినవారు ప్రతి రేవులో నౌక ఎన్ని గంటలు ఆగుతుందో చూడాలి. విశ్రాంతి కోరేవారికి సముద్రంపైనే ఎక్కువ రోజులు గడిపే ప్రయాణం నప్పుతుంది.
* గది: నౌక మధ్యభాగంలో, క్రింది అంతస్తులలో ఊపు తక్కువ. కడుపులో తిప్పేవారికి, వృద్ధులకు ఇవి మేలు. కిటికీ లేని గదులు చవక.
* ఖర్చు: ప్రకటించిన ధరలో భోజనం, పన్నులు, రేవు రుసుము కలిసి ఉన్నాయో లేదో విచారించాలి.
* పత్రాలు: దేశంలోని రేవులకు గుర్తింపు కార్డు, విదేశాలకు పాస్‌పోర్టు, అవసరమైతే వీసా కావాలి.
* మార్పులు: 2022 జూన్‌లో పుదుచ్చేరిలో ప్రయాణికులను దింపడానికి నౌకకు అనుమతి లభించలేదు. వాతావరణం వలన కూడా మార్గం మారవచ్చు. కాబట్టి డబ్బు వాపసు నిబంధనలు ముందే చదువుకోవాలి.

ప్రమాదాలు

2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు పులికాట్ సరస్సులో పడవ బోల్తాపడి 22 మంది మరణించారు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణా నదిలో పడవ బోల్తాపడి సుమారు 20 మంది చనిపోయారు. ఆ యాత్రికులలో ఎక్కువమంది ఒంగోలు వారు, కొందరు నెల్లూరు వారు. ఆ పడవకు అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోతున్న పడవ గోదావరి వరదలో కచ్చులూరు వద్ద మునిగి 50 మందికి పైగా చనిపోవడమో, గల్లంతు కావడమో జరిగింది.

ఈ మూడు తేదీలూ ఆదివారాలే. సెలవునాడు జనం ఎక్కువగా ఉంటారు, తిరిగి వెళ్ళే తొందర ఉంటుంది, దొరికిన పడవ ఎక్కుదామనిపిస్తుంది. నిండిన పడవను, అనుమతి లేని పడవను విడిచి మరొకదాని కొరకు వేచి ఉండడమే ప్రయాణికుని చేతిలో ఉన్న మొదటి రక్షణ.

పడవ ఎక్కే ముందు

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం పడవకు రిజిస్ట్రేషను, తనిఖీ ధ్రువపత్రం, అర్హత గల సిబ్బంది ఉండాలని నిర్దేశిస్తున్నది. వీటితో పాటు క్రింది జాగ్రత్తలు అవసరం.

* పడవ సామర్థ్యాన్ని సరంగును అడిగి, ఎక్కినవారిని లెక్కించుకోవాలి.
* లైఫ్ జాకెట్టును పడవ కదలకముందే తొడిగి కట్టుకోవాలి. పిల్లలకు వారి కొలతవి ఉండాలి.
* పక్షులను చూడడానికో, ఫోటోల కోసమో అందరూ ఒకేవైపుకు చేరరాదు. పడవ ఒరిగిపోతుంది.
* చేపల వేటకు చేసిన పడవలో సముద్ర విహారానికి పోరాదు.
* చీకటి పడకముందే ఒడ్డు చేరాలి.
* అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల కాలం. భారత వాతావరణ శాఖ సూచనలను, హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఇచ్చే అలల హెచ్చరికలను గమనించాలి. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగురవేసిన రోజున విహారం మానుకోవాలి.

ఇవి కూడా చూడండి

* పులికాట్ సరస్సు
* బకింగ్‌హాం కాలువ
* నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం
* కృష్ణపట్నం ఓడరేవు
* పాపికొండలు