తేది యొకటి, తిథి వేఱు : విశాఖపట్టణ చరిత్రమున నేకదిన సంఘటనలు

నేఁటి తేదినాఁడు పూర్వ మేమి జరిగెనో తెలిసికొనఁగోరుట పాఠశాలలలోను, పత్రికలలోను పరిపాటి యైనది. పంతులుగారు నల్లబల్లమీఁద నాఁటి తేదిని వ్రాసి, ఆ దినమున నేయే దేశమున నేయే ఘనకార్యములు నడచెనో బాలురచేఁ జెప్పించుచుందురు. జ్ఞాపకమున కిది మంచి యూఁతకోల. కాని చరిత్రపరిశోధకున కిందొక చిక్కు గలదు. ఒకే తేదిని గలిగిన రెండు సంగతులకు నడుమ సంబంధ మున్నదా, లేదా? ఉన్నచో నా సంబంధమును గల్పించిన వా రెవరు? ఈ ప్రశ్నను విశాఖపట్టణ చరిత్రమునుండి మూఁడు దినములను దీసికొని విచారింతును. నగరచరిత్రమంతయు నిందుఁ జెప్పవలెనని నా యుద్దేశము కాదు.

మొదట "ఒకే తేది" యనఁగా నేమో తేల్చుకొనవలెను. క్రీ. శ. 1682 ప్రాంతమున నింగ్లీషు కంపెనీవారు విశాఖపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. అక్కడి కిరువది మైళ్లలోపున భీమునిపట్టణమున డచ్చివారు వర్తకము సాగించుచుండిరి. డచ్చి కంపెనీవారు పోపు గ్రెగోరీ 1582 లో సవరించిన క్రొత్తలెక్కను వాడిరి. ఇంగ్లీషువారు 1752 వఱకును పాత జూలియను లెక్కను విడువరైరి. కాఁబట్టి యొక్క యుదయముననే విశాఖపట్టణపు గుమాస్తా తన జాబుపై మార్చి 1 అని వ్రాయఁగా, భీమునిపట్టణపు గుమాస్తా మార్చి 11 అని వ్రాయుచుండెను. 1700 సంవత్సరము మొదలుకొని యీ యంతరము పదునొకండు దినము లయ్యెను. పైఁగా నింగ్లీషువారి సంవత్సరము మార్చి 25 వ తేదిని బ్రారంభ మగుచుండుటచే జనవరి, ఫిబ్రవరి నెలల జాబులు గడచిన యేఁటి లెక్కలోఁ బడుచుండెను. ఊరికరణము ప్రభవాది సంవత్సరమును, మాసపక్షతిథులను వ్రాసికొనును. సర్కారు నుద్యోగి హిజరీ లెక్కను వాడును. ఒక్క సూర్యోదయమునకు నాలుగు పేరులు! 1757 జనవరి 24 వ తేదినాఁటి బొబ్బిలి యుద్ధమునకు వచ్చునప్పటికి ఫ్రెంచివారి తేదియు, ఇంగ్లీషువారి తేదియు నొక్కటి యయ్యెను. అంతకు ముందటి సంగతులను "సరిగా నీ తేదినాఁడే" యని చెప్పఁబూనువారు, ఏ లెక్క ప్రకార మని ముం దడిగి తెలిసికొనుట మేలు.

ఇంక మన యిండ్లలో నేకదిన మనఁగాఁ దిథియే కాని తేది కాదు. సింహాచలమున స్వామి నిజరూపదర్శనము వైశాఖ శుద్ధ తదియనాఁడు జరుగును. అది యింగ్లీషు నెలలో నేదినమునఁ బడినను జనులకుఁ బట్టింపు లేదు. ఈ రెండులెక్కల భేదము మీఁదఁ జెప్పఁబోవు సంగతులకు మిక్కిలి యవసరము గనుక నిచ్చట సూచించితిని.

మొదటి దినము ఏప్రిలు 6. రౌలటు చట్టమునకుఁ బ్రతికూలముగా దేశమంతటను హర్తాళము జరుపుటకు గాంధిగారు 1919 లో మొదట మార్చి 30 వ తేదిని నిర్ణయించి, పిమ్మట ఏప్రిలు 6 వ తేదికి మార్చిరి. మార్పు సకాలమునఁ దెలియకపోవుటచే ఢిల్లీవారు మార్చి 30 నే హర్తాళము చేసిరి. అచ్చటఁ గాల్పులును జరిగెను. అనఁగా నీ సుప్రసిద్ధమైన తేది మొదటి యెన్నికయే కాదు. ఆ తరువాత నేడవనాఁడు, ఏప్రిలు 13 న, అమృతసరమున జలియను వాలాబాగు ఘోరము జరిగెను. ఈ రెండు దినముల నడిమి కాలమును కాంగ్రెసువారు జాతీయవారముగాఁ బ్రతియేఁటను బాటింప మొదలిడిరి. 1930 లో గాంధిగారు సబర్మతినుండి మార్చి 12 న బయలుదేఱి ఏప్రిలు 5 వ తేదికే దండి చేరిరి. ఉప్పు తీయుట కొకదినము వేచియుండిరి. చేరిననాఁడే తీయవచ్చును గదా! ఏప్రిలు 6 జాతీయవారమున మొదటి దినము గనుకనే యట్లు వేచిరి. కాఁబట్టి 1919, 1930 సంవత్సరముల నడిమి సంబంధము కాకతాళీయము కాదు, బుద్ధిపూర్వకముగాఁ గూర్చినది. విశాఖపట్టణమున నుప్పు సత్యాగ్రహమునఁ బాల్గొని చెఱసాల కేఁగినవారిలోఁ దెన్నేటి విశ్వనాథముగా రొకరు. వీరి ప్రసక్తి మరల వచ్చును.

1942 ఏప్రిలు 6 సోమవారము. ముందునాఁడు ఈస్టరు ఆదివారము. నాఁడు జపానువారి పెద్ద నౌకాదళము కొలంబోపై విమానములఁ బంపెను. అదే సమయమున నొజావా యను సేనాని నడపిన వేఱొక దళము బంగాళాఖాతమునఁ జొచ్చి, కొలఁది దినములలో నిరువదికిఁ బైఁగా వర్తకనౌకలను ముంచెను. ఆ దళములోని ర్యూజో యను విమానవాహకనౌకనుండి లేచిన విమానములు ఆఱవ తేదిని విశాఖపట్టణముమీఁదను, కాకినాడమీఁదను బాంబులు వేసెను. విశాఖ రేవు నౌకలకుఁ దెఱవఁబడి యప్పటికి తొమ్మిదేండ్లయినను నిండలేదు. 1933 అక్టోబరులో జలదుర్గ యను నౌక మొదట లోనికి వచ్చెను, డిసెంబరు 19 న వైస్రాయి విల్లింగ్డను ప్రారంభోత్సవము జరిపెను. ఆ రేవే శత్రువులకు గుఱి యైనది. కొందఱు ప్రాణములు గోలుపోయిరి. నష్ట మల్పమే యైనను భయము మాత్ర మల్పము కాదు. శత్రువు తీరమున దిగునని వదంతి పుట్టి, పట్టణవాసులు బండ్లమీఁదను, కాలినడకను లోపలి పల్లెలకుఁ దరలిపోయిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరునకుఁ దరలింపఁబడెను. వాల్తేరులోని భవనములు సేన వశ మయ్యెను. నాఁడు ప్రేలని బాంబొకటి సముద్రతీరమునందలి విశాఖ వస్తుప్రదర్శనశాలలో నుంచఁబడి చూపఱుల నాకర్షించుచున్నది.

ఉప్పు తీసిననాఁడే బాంబు పడె నని కొంద ఱాశ్చర్యపడుదురు. అందొక దైవసంకేతమును వెదకువారు గూడ లేకపోలేదు. నాకట్లు తోఁపదు. ఒజావాదళము మలయా, బర్మా తీరములవైపునుండి బయలుదేఱుటయు, దాని గమనమును గొలంబోపైఁ బోయిన దళపు కార్యక్రమమునకు సరిపడునట్లు నిర్ణయింపఁబడినవి. జపాను నౌకాసేనానులకు జాతీయవారముతో నేమి పని? ఇచ్చటి సామ్యము కేవలము తేదిది. పంచాంగము విప్పి చూచినచో నా సామ్యమును నిలువదు. 1919 లోని యాఱవ తేది సిద్ధార్థి సంవత్సర చైత్ర శుద్ధములోనిది. 1930 లోనిది ప్రమోదూత చైత్ర శుద్ధములోనిది. 1942 లోనిదో, చిత్రభాను చైత్ర బహుళములోనిది. మొదటి రెంటికిఁ బక్షమైనను గలిసినది. మూఁడవదానికి మాసము దప్ప నేమియుఁ గలియలేదు.

అయినను ఈ యాకస్మికసామ్యమున కొక ఫలము గలదు. ఏప్రిలు 6 అనఁగానే పాఠ్యపుస్తకములు దండి పేరు చెప్పును. చెప్పవలసినదే. కాని విశాఖపట్టణపు బాలున కాతేదినాఁడే తన యూరిపై బాంబులు పడిన సంగతి తెలియదు. ఒక తేదిని పెద్ద సంగతి యాక్రమించియుండఁగాఁ జిన్న సంగతికిఁ జోటు దొరకుట లేదు.

డిసెంబరు 4 విషయమున నిదే మఱియొక విధముగాఁ గానవచ్చును. 1971 లో విక్రాంతనౌకను వెదకుచు వచ్చిన పాకిస్తానుదేశపు ఘాజీ యను జలాంతర్గామి, డిసెంబరు 3, 4 తేదుల నడిమి రాత్రి విశాఖతీరమున మునిఁగి, అందున్న తొంబదిమందికిఁ బైఁగా నావికులు మడిసిరి. రాజపుత్ర నౌకనుండి వేసిన జలగర్భాస్త్రములచే మునిఁగినదని మనవారును, తన మందుపాతరచేతనో లోపలి ప్రేలుడుచేతనో యని పాకిస్తానువారును జెప్పుదురు. 4 వ తేది రాత్రి మన క్షిపణినౌకలు కరాచీరేవుపై దాడిచేసెను. ఆ దాడికి జ్ఞాపకముగానే డిసెంబరు 4 నౌకాదళదినమైనది. అంతకుఁ బూర్వ మా యుత్సవము వేఱు తేదులలో జరుగుచుండెడిది. విశాఖ సముద్రతీరమునఁ జాల యేండ్లుగా జరుగుచున్న విన్యాసములను వేలకొలఁది జనులు చూతురు. తమతీరముననే జరిగిన సంగతికే యీ యుత్సవ మని వారిలోఁ బెక్కుర తలంపు. ఇచట నొక సూక్ష్మము. ఘాజీ మునిఁగినది నడురేయి దాఁటిన కొలఁది నిమిషములకు. గడియారపు లెక్కకు నాలుగవ తేదియే. మన పంచాంగమున దినము సూర్యోదయముతోఁ గాని మాఱదు గనుక, అది ముందునాఁటి శుక్రవారమునకే చేరును. కరాచీదాడి శనివారపు రాత్రిది. అనఁగా మన లెక్కలో నీ రెండు నేకదినము లేకావు!

మూఁడవది నవంబరు 1. దీనినిగూర్చి కొంత విస్తరింపక తప్పదు. 1953 అక్టోబరు 1 న కర్నూలు రాజధానిగా నాంధ్రరాష్ట్ర మేర్పడెను. ప్రకాశముపంతులుగారి మంత్రివర్గమునఁ దెన్నేటి విశ్వనాథముగారు మంత్రి యైరి. 1956 నవంబరు 1, గురువారమునాఁడు తెలంగాణముతోఁ గలిసి ఆంధ్రప్రదేశ మవతరించెను. మైసూరు, కేరళ, మధ్యప్రదేశ రాష్ట్రములును గ్రొత్తయెల్లలతో నాఁడే యేర్పడినవి. తేది ఢిల్లీలోని శాసనము నిర్ణయించినది. విశాఖకుఁ బ్రత్యేకసంబంధ మందేమియు లేదు.

పదియేండ్లు గడచెను. దక్షిణమున నుక్కు కర్మాగారమునకు విశాఖపట్టణము తగినచోటని 1965 లో నాంగ్ల అమెరికా నిపుణులసంఘము తెల్పెను. రాష్ట్రశాసనసభ 1966 జూలై 1 న నేకగ్రీవముగాఁ దీర్మానించెను. కేంద్రప్రభుత్వము నిర్ణయము చేయక జాగుచేసెను. అక్టోబరు 15 న గుంటూరుజిల్లావారైన టి. అమృతరావుగారు విశాఖలో నిరశనవ్రతము పూనిరి. తెన్నేటివారు మొదలగు నాయకులు, కార్మికులు, విద్యార్థులు పక్షభేదములు మఱచి చేరిరి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అను కేక రాష్ట్రమంతట వ్యాపించెను. నవంబరు 1, మంగళవారము, నిరశనమునకుఁ బదునెనిమిదవ దినము. రాష్ట్రమునకుఁ బదియవ జన్మదినము. నాఁడు విశాఖవీథులలోఁ బోలీసులు కాల్పులు జరిపిరి, విద్యార్థులును గూలిరి. ఉద్యమమున రాష్ట్రమంతటను మడిసినవారు ముప్పదియిద్దఱని లెక్క. నవంబరు 3 న అమృతరావుగారు వ్రతము విరమించిరి.

ఈ సామ్య మేజాతిది? నిరశనము మొదలుపెట్టినపు డవతరణదినము నెవ్వరు నెన్నుకొనలేదు. తుపాకి పేల్చినవారు నా తేదిని జూచి పేల్చలేదు. కాఁబట్టి దండివంటిది కాదు. అట్లని బాంబులవలె నుత్త కాకతాళీయమును గాదు. ఆ కేకలోని "ఆంధ్రుల హక్కు" అను మాట, తెలుఁగువా రొక్క రాష్ట్రముగా నేర్పడినందువలననే యర్థవంత మైనది. ఏ దినమున నా రాష్ట్రము పుట్టెనో యా దినముననే యా హక్కు నడిగినవారు సొంతరాష్ట్రపు పోలీసుల గుండ్లకు గుఱి యైరి. తేదిని మనుష్యు లెన్నుకొనకున్నను, అర్థ మందుఁ దానై చేరినది. ఇంచుకంత పంచాంగమును గూడఁ గలిసివచ్చినది: దుర్ముఖినాఁటిదియు, పరాభవనాఁటిదియు నాశ్వయుజ బహుళపక్షములోనివే, ఒకటి యమావాస్యకు సమీపమునను, రెండవది పూర్ణిమకు వెనువెంటను.

తరువాతి వృత్తాంతము తెలిసినదే. 1967 లోఁ దెన్నేటివారు స్వతంత్రులుగా నిలిచి విశాఖనుండి లోకసభ కెన్నిక యైరి. 1970 ఏప్రిలు 17 న ఇందిరాగాంధిగారు పార్లమెంటులోఁ గర్మాగారమును బ్రకటించిరి; 1971 జనవరి 20 న శంకుస్థాపన చేసిరి; 1992 ఆగస్టు 1 న పి. వి. నరసింహారావుగారు దానిని జాతి కంకితము చేసిరి. ఈ శుభకార్యములలో నొక్కటియు నవంబరు 1 వ తేదిని జరుగలేదు. 2014 జూన్ 2 న తెలంగాణము వేఱైనపిమ్మట ఆంధ్రప్రదేశపు జన్మదిన మేది యను వివాదము పుట్టి, కొన్నియేండ్లు నవంబరు 1 నాఁటి యుత్సవము మానివేయఁబడి, 2019 లో మరల జరుపఁబడెను. అక్టోబరు 1 మేలనువారును గలరు. ఈ వాదములలో రాష్ట్రపుఁ బుట్టుక మాటయే కాని, యా తేదినాఁడు విశాఖలోఁ గూలినవారి మాట నేను విన్నది తక్కువ.

విశాఖజిల్లా పాఠశాలల పండితుల కొక విన్నపము. 1942 లోను, 1966 లోను మృతులైనవారి కుటుంబముల వృత్తాంతమును బెద్దలనుండి వ్రాసి యుంచవలెను. అట్లడుగఁబోవువారు తేదిని నమ్ముకొనరాదు. ఆ యిండ్లలో నాబ్దికములు తిథినిబట్టి జరుగును. 1942 నాఁటివారికి చైత్ర బహుళమునను, 1966 నాఁటివారికి ఆశ్వయుజ బహుళమునను బిండప్రదానము జరుగునే కాని, ఏప్రిలు 6 ననో, నవంబరు 1 ననో వారి వాకిట నిలిచినయెడల లోపల నేమియు జరుగుచుండదు.