మాట విప్పిన పదకొండు మంది

కృత్రిమ మేధ అంటే ఇప్పుడందరికీ చాట్‌జీపీటీయే. మన హైదరాబాదు ట్రిపులైటీలో భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం 1999లోనే మొదలైంది. అంతకుముందు కాన్పూరు ఐఐటీలో పాణిని వ్యాకరణం ఆధారంగా ‘అనుసారక’ మొదలుపెట్టిన రాజీవ్ సంగల్, వినీత్ చైతన్యలే దీనికీ మూలం.

తర్వాత ఈ కేంద్రం ముందుండి నడిపిన అనువాద ప్రాజెక్టు ‘సంపర్క్’. 11 సంస్థలు, 9 భాషలు, 18 భాషాజతలు. ‘వెళ్ళలేకపోయాడు’ చూడండి: క్రియ, చేతకాకపోవడం, కాలం, ఎవరన్నదీ... అన్నీ ఒక్క మాటలోనే! దాన్ని ఒక ప్రోగ్రామ్ విప్పాలి, ఇంకోటి అవతలి భాషలో మళ్ళీ అల్లాలి. ఒకరి అవుట్‌పుట్ మరొకరికి ఇన్‌పుట్. అందుకే అందరూ ఒకే ఫార్మాట్‌కి కట్టుబడ్డారు. నన్నడిగితే అసలు ఘనత దానిదే. (మనం ఒకే ఆఫీసులో రెండు టీముల మధ్య ఇంటర్‌ఫేస్ డాక్యుమెంటు రాయడానికే ఏడుస్తాం లెండి.)

నా పేచీ ఒక్కటే. సంపర్క్ పని రాత తెలుగు మీద జరిగింది. 2022లో వచ్చిన కేంద్రప్రభుత్వ ‘భాషిణి’ మాటనీ వింటుంది, సంతోషం. కానీ మా పెదకూరపాడులో ‘వెళ్ళవద్దు’ అనం, ‘పోమాక’ అంటాం. మిర్చి రైతు ఫోనుని “ఇప్పుడు అమ్మమాకంటావా?” అనడిగితే, అది వాళ్ళమ్మ గురించి అనుకుంటే? ఆ రికార్డింగులకి పల్నాడు ఊళ్ళకీ రండి సార్లూ.