మబ్బుల దగ్గర మొదలైన తగవు

ప్రకృతి దృశ్యాల ఫొటోల మీద విమర్శ, వాటిలో ఉన్నదానికన్నా లేనిదాని గురించే ముందు మొదలైంది. ఆ లేనిది ఆకాశం. 1850లలో వాడుకలోకి వచ్చిన కొలోడియన్ గాజుపలక నీలి కాంతికి అతిగా స్పందించేది. చెట్లూ రాళ్లూ పలక మీద సరిగ్గా పడేలోగా, పైన ఆకాశం మీద వెలుగు హద్దు మీరి ప్రింటులో ఉత్త తెల్లకాగితంలా మిగిలేది. మబ్బుల కోసం తక్కువసేపు వెలుగు చూపిస్తే నేల నల్లటి ముద్దయ్యేది.

ఫ్రాన్స్‌లో గుస్తావ్ లగ్రే దీనికొక ఉపాయం పట్టాడు. 1856-57లో తీసిన సముద్ర దృశ్యాల్లో కొన్నింటికి నీటికొక నెగెటివ్, ఆకాశానికొక నెగెటివ్ వాడి, దిగంతరేఖ దగ్గర రెంటినీ అతికాడు. ఒకే ఆకాశాన్ని వేర్వేరు సముద్రాల మీద కప్పిన సందర్భాలూ ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీకి 1856లో ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా నియమితుడైన లీనియస్ ట్రైప్ దారి వేరు. మైనం పట్టించిన కాగితపు నెగెటివ్ మీద రంగు పూసి మబ్బులను, ఆకులను దిద్దేవాడు. ఈ రోజు ఎడిటింగ్ అంటున్నది కంప్యూటర్‌తో పుట్టిన పని కాదు.

దిద్దడం మొదలయ్యాక, ఎంతవరకు దిద్దాలన్న ప్రశ్న రాక తప్పదు. లండన్‌లో 1853లో ఏర్పడిన ఫొటోగ్రాఫిక్ సొసైటీ మొదట్లోనే, చిన్న చిత్తరువులు గీసే సర్ విలియం న్యూటన్ ఒక ప్రసంగం చదివాడు. చిత్రం కొద్దిగా ఫోకస్ తప్పి ఉంటేనే కళకు దగ్గరవుతుందన్నది అతని వాదం. సభ్యుల్లో చాలామందికి అది మింగుడుపడలేదు.

కూర్పు గురించి మాట్లాడటానికి ఒక భాషను ఇచ్చినవాడు హెన్రీ పీచ్ రాబిన్సన్. 1869లో అచ్చయిన అతని పుస్తకం తూకం, వెలుగునీడల అమరిక, చూపు నిలిచే చోటు వంటి చిత్రకారుల సూత్రాలను ఫొటోగ్రాఫర్లకు అందించింది. అనేక నెగెటివ్‌లతో ఒక చిత్రం కట్టడం అతనికి సమ్మతమే. మేలు ఎంత జరిగిందో కీడూ అంతే జరిగింది. ఫొటోను చూడకుండానే తప్పు పట్టడానికి చాలామందికి ఒక కొలబద్ద దొరికింది.

రాబిన్సన్ పద్ధతి మీద విరుచుకుపడినవాడు పీటర్ హెన్రీ ఎమర్సన్. ఇంగ్లండ్ తూర్పున నార్ఫోక్ చిత్తడినేలల్లో పనిచేసిన ఇతడు, 1889 నాటి తన పుస్తకంలో అతుకుల చిత్రాలను తోసిపుచ్చి, కన్ను సహజంగా చూసినట్టే ఫొటో ఉండాలన్నాడు. 1890లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు ఫొటో పలకల స్పందనను కొలిచి లెక్కలు ప్రచురించారు. ఛాయల పొందికను ఇష్టం వచ్చినట్టు మార్చడం ఫొటోగ్రాఫర్ చేతిలో లేదని వాటితో ఎమర్సన్‌కు తోచింది. తన సిద్ధాంతం చచ్చిపోయిందని నల్ల అంచు వేసిన కరపత్రంలో తానే ప్రకటించాడు. విమర్శను ఎదుర్కోవడంలో ఇంత నిజాయితీ ఆ రంగంలో మళ్లీ అరుదు.

ఈ చర్చ క్లబ్బులకూ చేరింది. బ్రిటన్ తపాలా క్లబ్బుల్లో ప్రింట్ల పెట్టె ఒక సభ్యుడి నుంచి మరొకడికి పోస్టులో తిరిగేది. ప్రతివాడూ ఇతరుల ఫొటోల మీద నాలుగు మాటలు రాసి, తన ఫొటో మీద వచ్చినవి చదువుకునేవాడు. సెలూన్ అనే ఫొటో ప్రదర్శనల పోటీలలో మాత్రం న్యాయనిర్ణేతలు మార్కులు వేసేవారు. మార్కు వేస్తే ఫొటో నెగ్గిందో ఓడిందో తెలుస్తుంది, ఎందుకో తెలియదు.

1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎఫ్/64 బృందం మసక చిత్రాలను కాదని, అన్నీ పదునుగా కనిపించే ఫొటోల వైపు నిలిచింది. అందులోని ఆన్సెల్ ఆడమ్స్ కూడా చీకటిగదిలో చెయ్యి చేసుకోకుండా ఉండలేదు. 1941లో హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయం తీసినప్పుడు తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బుల జాడలుండేవి. దశాబ్దాలు గడిచేకొద్దీ ఆ ఆకాశాన్ని నల్లబరుస్తూ పోయాడు. 1944 నాటి లోన్ పైన్ సూర్యోదయంలో, ఊరి బడిపిల్లలు కొండ మీద తెల్లగా దిద్దిన ఎల్, పి అక్షరాలను నెగెటివ్ నుంచే చెరిపేశాడు. అది తప్పన్నవాళ్లున్నారు. ఆ రాత తనకు మచ్చలా తోచిందని ఆడమ్స్ దాన్ని సమర్థించుకున్నాడు.

1952లో ఆడమ్స్, డొరొతియా లాంగ్ తదితరులతో కలిసి అపర్చర్ పత్రికను ప్రారంభించిన మైనర్ వైట్ విమర్శించే పద్ధతినే మార్చాడు. అతని విద్యార్థులు ఫొటో ముందు మౌనంగా కూర్చుని, ముందు తమకు ఏం కనిపించిందో, ఏం అనిపించిందో చెప్పాలి. బాగుందా లేదా అన్న తీర్పుకు అక్కడ తొందర లేదు.

2012లో బ్రిటన్‌లో జరిగిన ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో పడవల దృశ్యానికి మొదటి బహుమతి వచ్చింది. దిద్దుబాటు నిబంధనలను దాటిందని తర్వాత దాన్ని రద్దు చేసి, బహుమతిని మరొక చిత్రానికి ఇచ్చారు. ఆ ఫొటోలో చేసిన మార్పుల్లో, బయటి నుంచి తెచ్చి అతికించిన మబ్బులూ ఉన్నాయి.