తొమ్మిదేళ్లకు తిరిగొచ్చిన ఇంటర్‌ప్రెటర్

1995 మేలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక భాషకు తొలి రూపం ఇచ్చారు. డిసెంబరుకల్లా దానికి జావాస్క్రిప్ట్ అని పేరు ఖాయమైంది. ఫారం సరిగ్గా నింపారో లేదో చూడటం లాంటి చిల్లర పనులు దానికి అప్పజెప్పారు. కాబట్టి బ్రౌజర్‌లోని ఇంటర్‌ప్రెటర్ దాన్ని నింపాదిగా చదువుకుంటూ నడిపించినా ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

2004లో జీమెయిల్, మరుసటి ఏడు గూగుల్ మ్యాప్స్ లాంటి జావాస్క్రిప్ట్ మీదే నడిచేవి వచ్చాక ఆ నింపాదితనం భరించరానిదైంది. అప్పుడు డెన్మార్క్‌లో లార్స్ బాక్ బృందం జావాస్క్రిప్ట్‌ను నడిపే వీ8 ఇంజిన్ కట్టింది. 2008 సెప్టెంబరు 2న అది క్రోమ్‌తో పాటు జనంలోకి వచ్చింది. అందులో ఇంటర్‌ప్రెటరే లేదు! ఫంక్షన్‌ను మొదటిసారి పిలవగానే నేరుగా ప్రాసెసర్‌కు అర్థమయ్యే మెషిన్ కోడ్‌గా మార్చేసేది.

ఇది తేలికైన పని కాదు. జావాస్క్రిప్ట్‌లో a + b అని రాస్తే అవి అంకెలో, అక్షరాలో నడిచేటప్పుడు గానీ తెలియదు. అంకెలైతే కూడాలి, అక్షరాలైతే పక్కపక్కన అతికించాలి. ప్రతిసారీ ఆరా తీస్తూ కూర్చుంటే వేగం ఎక్కడిది? 2010లో వీ8లో చేరిన క్రాంక్‌షాఫ్ట్ అనే కంపైలర్ దీనికి సాహసమైన దారి పట్టింది. ఇప్పటిదాకా అంకెలే వచ్చాయి కనుక ఇకపైనా అంకెలే వస్తాయని నమ్మి, అందుకు తగిన వేగమైన కోడ్ తయారుచేసేది. నమ్మకం వమ్మైతే ఆ కోడ్‌ను పక్కనపెట్టి మళ్లీ నెమ్మది దారిలోకి దిగేది. తప్పు జరగకుండా వెనక్కి రాగలిగే ఆ ఏర్పాటే నా దృష్టిలో అసలు ఘనత.

ఈ వేగానికి మూల్యం మెమరీ. ఒక్కసారి నడిచి ఊరుకునే కోడ్ కూడా మెషిన్ కోడ్‌గా మారి చోటు ఆక్రమించేది. కంప్యూటర్‌లో అది లెక్కలోకి రాలేదు, చవక ఫోన్లలో మాత్రం ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే వీ8 బృందం ఇగ్నిషన్ పేరుతో ఇంటర్‌ప్రెటర్‌ను మళ్లీ రాసింది. అది వాడే బైట్‌కోడ్ అనే మధ్యస్థ రూపం పాత మెషిన్ కోడ్‌లో సగం నుంచి నాలుగో వంతు వరకే ఉంటుంది. 2016లో దాన్ని ముందుగా 512 ఎంబీ, అంతకంటే తక్కువ ర్యామ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లకు ఇచ్చారు. 2017లో అందరికీ అదే వచ్చింది. పేదవాడి ఫోన్‌ను ముందు చూసిన ఆ నిర్ణయం నూటికి నూరుపాళ్లూ సరైనది.

అయినా వేగానికీ మెమరీకీ మధ్య తూకం అక్కడితో ఆగలేదు. 2021 మేలో క్రోమ్ 91తో స్పార్క్‌ప్లగ్ వచ్చింది. బైట్‌కోడ్ నుంచి చకచకా మెషిన్ కోడ్ తయారుచేయడమే దాని పని. ఈసారి మాత్రం ఇంటర్‌ప్రెటర్‌ను తీసేయలేదు.